టర్బో బండికి ఊపిరి గొట్టం



బండి వెనక నీలిపొగ కనబడిందంటే మన వైపు మొదట వినబడే మాట ఒకటే. టర్బో పోయింది. పాతపాళ్య నుంచి టమాటా వేసుకొని పోయే పికప్ కావచ్చు. చేలూరు నుంచి బెంగళూరికి పెళ్లివాళ్లను తీసుకుపోయే కారు కావచ్చు. మాట మాత్రం అదే. "అన్నా, టర్బో పోయింది. కొత్తది వెయ్యాల."

వేలకు వేలు పోసి కొత్తది వేస్తారు. కొన్నాళ్లు బాగుంటుంది. మళ్లీ పొగ. మళ్లీ ఆయిల్ తగ్గడం. అప్పుడు ఓనరు మెకానిక్‌ను అనుమానిస్తాడు. మెకానిక్ సామాను అమ్మినవాణ్ణి అనుమానిస్తాడు. ముగ్గురి మధ్య మాట చెడుతుంది.

చాలాసార్లు తప్పు ఆ ముగ్గురిలో ఎవరిదీ కాదు. టర్బోది కూడా కాదు. ఇంజిన్ పక్కన వేలెడు లావున వంగి ఉండే ఒక రబ్బరు పైపుది. దాన్ని బ్రీదర్ పైపు అంటాం. ఇంజిన్ ఊపిరి వదిలే గొట్టం అది. ఈ రోజు ఆ పైపు గురించీ, దాని చుట్టూ ఉండే వాక్యూమ్ పైపుల గురించీ మాట్లాడుకుందాం. టర్బో మార్చే ముందు ఊపిరి గొట్టం చూడండి. నేను చెప్పదలచుకున్న మాట ఇదే. ఎందుకు చూడాలో, ఎట్లా చూడాలో చెబుతాను.

టర్బో మనకు కొత్త కాదు. సరుకు మోసే డీజిల్ పికప్పుల్లో, జీపుల్లో చాలా ఏళ్లుగా ఉంది. అసలు ఆ ఆలోచనే పాతది. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూఖీ 1905లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. కొత్త సంగతి ఏమిటంటే, ఇప్పుడు చిన్న పెట్రోలు కార్లలోనూ టర్బో వచ్చేసింది. 2017లో టాటా నెక్సాన్ 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్‌తో వచ్చింది. బాగేపల్లి దాటి, కొడికొండ చెక్‌పోస్టు దాటి, అదే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఇంకొంచెం పోతే పెనుకొండ. అక్కడి కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో సెల్టోస్ వచ్చింది. అందులో 1.4 లీటర్ల టర్బో పెట్రోలు రకం ఉండేది. మరుసటి ఏడు సోనెట్ వచ్చింది, 1 లీటరు టర్బోతో. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధన అమల్లోకి వచ్చింది. ఆ నెలలోనే మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. ఇన్నాళ్లూ డీజిల్ స్విఫ్ట్ నడిపినవాళ్లు ఇప్పుడు టర్బో పెట్రోలు వైపు చూస్తున్నారు. అందుకే ఈ సంగతి ఇప్పుడు ఇంటింటికీ కావాలి.

సరే. ఇంజిన్ లోపలికి పోదాం.

సిలిండర్‌లో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. పైన పెట్రోలో, డీజిలో మండుతుంది. ఆ మంట ఒత్తిడి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. పిస్టన్ చుట్టూ రింగులు ఉంటాయి. ఒత్తిడి కిందికి జారిపోకుండా అవి ఆపుతాయి. కానీ పూర్తిగా ఆపలేవు. ఎంత కొత్త ఇంజిన్ అయినా కొంచెం గ్యాస్ రింగుల పక్కనుంచి కిందికి దిగుతుంది. మన మెకానిక్కులు దాన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. కొత్త బండిలో తక్కువ. అరిగిన బండిలో ఎక్కువ. అసలు లేని బండి లేదు.

ఆ గ్యాస్ ఎక్కడికి పోతుంది? కింద క్రాంక్ తిరిగే గదిలోకి. ఆ గది అడుగునే ఆయిల్ చాంబర్ ఉంటుంది. గ్యాస్‌లో సగం కాలిన ఇంధనం ఉంటుంది. నీటి ఆవిరి ఉంటుంది. క్రాంక్ తిరుగుతూ చిమ్మే ఆయిల్ తుంపర కూడా దాంట్లో కలుస్తుంది. ఇదంతా బయటికి పోవాలి. పోకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆయిల్ సీళ్ల నుంచి, ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ నుంచి ఆయిల్ కారుతుంది. ఒక్కోసారి ఆయిల్ చూసే డిప్‌స్టిక్ కూడా ఎగిరి బయటికొస్తుంది.

పాత రోజుల్లో దీనికి సులువైన దారి చూపారు. ఇంజిన్ నుంచి ఒక గొట్టం కిందికి దించి రోడ్డు వైపు వదిలేశారు. ఇప్పటికీ కొన్ని ట్రాక్టర్లకు అట్లాంటి గొట్టం చూస్తాం. అది వదిలే గ్యాస్ మాత్రం విషం. అమెరికాలో లాస్ ఏంజిలిస్ నగరం పొగమంచులో మునిగి జనం కళ్లు మండిపోతుంటే, ఆరీ హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త 1950ల్లో కారణం కనిపెట్టాడు. కార్ల నుంచీ, చమురు శుద్ధి కర్మాగారాల నుంచీ వచ్చే ఆవిర్లు ఎండలో మారి ఆ పొగ అవుతున్నాయని నిరూపించాడు. కార్ల నుంచి వచ్చేదంతా సైలెన్సర్ నుంచే రావడం లేదు. కాలని ఇంధనపు ఆవిరిలో దాదాపు ఐదో వంతు ఈ క్రాంక్ గది నుంచి వస్తోంది. దాంతో 1960ల మొదట్లో కాలిఫోర్నియా ఆ గ్యాస్‌ను బయటికి వదలకుండా మళ్లీ ఇంజినే పీల్చుకొని కాల్చేసేలా చేయించింది. కార్లలో పొగ తగ్గించడానికి పెట్టిన మొదటి ఏర్పాట్లలో అది ఒకటి. సామాను చిన్నదే, ఒక పైపు, ఒక వాల్వు. నాకు మాత్రం ఇది చాలా గొప్ప పని అనిపిస్తుంది. చెత్తను వీధిలో పారేయకుండా ఇంట్లోనే పొయ్యిలో పెట్టి వాడుకున్నారు.

ఇక్కడి వరకు మామూలు ఇంజిన్ కథ. టర్బో లేని పెట్రోలు ఇంజిన్‌లో పని సులువు. ఇంజిన్ గాలి పీల్చే మానిఫోల్డ్‌లో ఎప్పుడూ ఎంతో కొంత లాగుడు ఉంటుంది. దాన్నే వాక్యూమ్ అంటాం. క్రాంక్ గది నుంచి ఒక పైపు అక్కడికి కలిపితే చాలు. గ్యాస్‌ను ఇంజిన్ తానే లాగేసుకుంటుంది.

టర్బో వచ్చాక కథ మారింది. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి.

టర్బో అంటే గాలిని బలవంతంగా ఇంజిన్‌లోకి తోసే పంకా. యాక్సిలరేటర్ మెల్లగా తొక్కినప్పుడు మానిఫోల్డ్‌లో లాగుడు ఉంటుంది. గట్టిగా తొక్కగానే టర్బో గాలి తోస్తుంది. అదే మానిఫోల్డ్‌లో లాగుడు పోయి ఒత్తిడి వస్తుంది. అదే చోటు. అదే పైపు. ఒక నిమిషం లాగుతుంది, మరో నిమిషం తోస్తుంది. ఎంత తోస్తుంది? కారు టైరులో 30, 32 పాయింట్లు గాలి పెడతాం కదా. చిన్న టర్బో దాంట్లో మూడో వంతు నుంచి సగం దాకా తోయగలదు. క్రాంక్ గది సీళ్లు అంత ఒత్తిడికి తట్టుకోవు. ఆ గాలి బ్రీదర్ పైపులో వెనక్కి తిరిగి క్రాంక్ గదిలోకి పోతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

దీన్ని ఆపేది ఒక చిన్న వాల్వు. పీసీవీ వాల్వు అంటారు. దాని పని మన రైతులకు నేను చెప్పక్కర్లేదు. వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఉన్న సీమ మనది. బోరులో మోటారు మీద ఎన్.ఆర్.వి. పెడతాం. మోటారు నడిచినంతసేపు నీళ్లు పైకి పోతాయి. కరెంటు పోగానే పైపులో ఉన్న నీళ్లన్నీ కిందికి దూకబోతాయి. ఎన్.ఆర్.వి. టక్కున మూసుకుంటుంది. నీళ్లు నిలిచిపోతాయి. ఆ వాల్వులో చిన్న రాయి ఇరుక్కుందనుకోండి. నీళ్లు వెనక్కి దిగి మోటారును వెనక్కి తిప్పుతాయి. టర్బో ఇంజిన్‌లో పీసీవీ వాల్వు చేసే పని సరిగ్గా ఇదే. మానిఫోల్డ్ లాగినప్పుడు తెరుచుకుంటుంది. టర్బో తోసినప్పుడు మూసుకుంటుంది. బోరులో రాయి ఇరుక్కున్నట్టు ఇక్కడ జిడ్డు ఇరుక్కుంటుంది. వాల్వు సగం తెరిచే ఉండిపోతుంది. టర్బో గాలి వెనక్కి దిగుతుంది.

మనిషి చెయ్యి పడకుండా ఒత్తిడికే తెరుచుకొని ఒత్తిడికే మూసుకునే తలుపు ఈ వాల్వు. మన జిల్లా ముద్దేనహళ్లిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు 1903లో పూణె దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి పెట్టించిన గేట్లు కూడా తమంతట తామే తెరుచుకొని మూసుకునేవే. 1930ల్లో మన దేశంలోనే కార్ల ఫ్యాక్టరీ ఉండాలని పట్టుబట్టి విదేశాలు తిరిగి పథకం రాసినదీ ఆయనే. బానెట్ ఎత్తి ఈ వాల్వును చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు.

సరే, టర్బో తోసేటప్పుడు ఈ వాల్వు మూసుకుంది. మరి అప్పుడు క్రాంక్ గదిలో గ్యాస్ ఏ దారిన పోవాలి? గట్టిగా తొక్కినప్పుడే కదా బ్యాక్ కంప్రెషన్ ఎక్కువ. అందుకని టర్బో పెట్రోలు ఇంజిన్‌కు రెండో దారి పెడతారు. ఆ రెండో పైపు ఎయిర్ ఫిల్టర్‌కూ టర్బోకూ మధ్య ఉన్న గొట్టంలో కలుస్తుంది. టర్బో అక్కడి నుంచి గాలి పీలుస్తుంది కాబట్టి అక్కడ ఎప్పుడూ మెత్తటి లాగుడు ఉంటుంది. మెల్లగా పోతుంటే ఒక దారి. గట్టిగా తొక్కితే ఇంకో దారి. ఇంజిన్‌కు ఊపిరి ఆగకూడదు.

ఇప్పుడు పైపులు ఎక్కడ కలపాలన్న సంగతికి వద్దాం. మెకానిక్ తమ్ముళ్లూ, మీరు కూడా వినండి. టర్బో పెట్రోలు ఇంజిన్‌కు గాలి పోయే దారిలో మూడు చోట్లు గుర్తుపెట్టుకుంటే చాలు. మొదటిది టర్బో ముందు. అక్కడ ఎప్పుడూ మెత్తటి లాగుడు. రెండోది టర్బో తర్వాత, థ్రాటిల్ ముందు. థ్రాటిల్ అంటే యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉండే దారి అది. అక్కడ ఒత్తిడి ఉంటుంది, లాగుడు దాదాపు ఉండదు. మూడోది థ్రాటిల్ తర్వాత, అంటే మానిఫోల్డ్. అక్కడ లాగుడూ ఉంటుంది, ఒత్తిడీ ఉంటుంది. ఇంకోసారి చెబుతాను. టర్బో ముందు లాగుడు. టర్బో తర్వాత ఒత్తిడి. థ్రాటిల్ తర్వాత రెండూ.

ఏ సన్న పైపు ఊడి చేతికొచ్చినా, అది ఈ మూడింట్లో ఏ చోటుకు చెందిందో అడగండి. టర్బో ఎక్కువ తోయకుండా కాపాడే వేస్ట్‌గేట్ ఒత్తిడితో పనిచేసే రకమైతే దాని పైపు రెండో చోటు నుంచి వస్తుంది. అది ఊడితే టర్బోకు హద్దు ఉండదు, అవసరానికి మించి తోస్తుంది. బ్రేకు బూస్టరు పైపు మూడో చోటు నుంచి వస్తుంది, దానికీ దారిలో ఒక వాల్వు ఉంటుంది. కొన్ని బళ్లకు వేరే వాక్యూమ్ పంపు కూడా ఉంటుంది. బ్రీదర్‌కు చెందిన పైపులు ఒకటి మొదటి చోటుకు, ఒకటి మూడో చోటుకు. ఈ రెండూ తారుమారైతే ఇంజిన్ ఊపిరాడక ఆయిల్ కక్కుతుంది. కొన్ని బళ్లలో కొలతకు రెండు పైపులూ ఒకేలా ఉంటాయి, నోజిల్ మీదికి రెండూ చక్కగా ఎక్కుతాయి. అదే ఇక్కడ ప్రమాదం. విప్పే ముందు ఫోను తీసి ఒక ఫోటో కొట్టుకోండి. పైపు మీద సున్నంతోనో, పెయింటుతోనో గుర్తు పెట్టండి.

డీజిల్ బండి సంగతి కొంచెం వేరు. డీజిల్ ఇంజిన్ మానిఫోల్డ్‌లో బ్రేకులకు సరిపడే లాగుడు ఉండదు. అందుకని వాక్యూమ్ కోసం ప్రత్యేకంగా ఒక పంపు పెడతారు. ఆల్టర్నేటర్ వెనకనో, క్యామ్‌షాఫ్ట్ చివరనో ఉంటుంది. బ్రేకు బూస్టరుకూ, చాలా బళ్లలో టర్బోను అదుపు చేసే యాక్చువేటర్‌కూ అదే దిక్కు. సన్న వాక్యూమ్ పైపు చీలితే బండికి పికప్ ఉండదు. ఎత్తు ఎక్కదు. లోడు లాగదు. అప్పుడు కూడా మాట టర్బో మీదికే పోతుంది. నిజానికి పోయింది ఒక జానెడు రబ్బరు.

బ్రేకు బూస్టరును ఇంటి దగ్గరే పరీక్ష చేసుకోవచ్చు. ఇంజిన్ ఆపి, బ్రేకు పెడల్‌ను అది గట్టిపడే దాకా నాలుగైదు సార్లు తొక్కండి. తొక్కే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చెయ్యండి. పెడల్ కాలి కింద కొంచెం దిగితే బూస్టరుకు వాక్యూమ్ వస్తోంది. దిగకపోతే బండి తియ్యకండి. ముందు ఆ పైపు చూపించండి. ఇంకో మాట. బూస్ట్ మీటరు పెట్టుకోవాలనో, మరొకటి కలపాలనో ఈ బ్రేకు పైపును కోసి టీ పెట్టేవాళ్లు ఉన్నారు. ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. బ్రేకు పైపును ఎవరూ కొయ్యకూడదు.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. బ్రీదర్ మూసుకుపోతే టర్బో ఎందుకు ఆయిల్ కక్కుతుంది?

టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు మించి తిరుగుతుంది. చిన్న టర్బోలు రెండు లక్షలూ దాటుతాయి. ఆ వేగానికి మామూలు రబ్బరు సీలు నిలవదు. అందుకని అక్కడ పిస్టన్ రింగు లాంటి సన్న లోహపు రింగు పెడతారు. ఆ రింగు ఒక్కటే ఆయిల్‌ను ఆపదు. టర్బో నుంచి ఆయిల్ చప్పున కిందికి దిగిపోవాలి. అప్పుడే ఆ రింగు పని చేస్తుంది. ఆయిల్ పైకి పోయేటప్పుడు పంపు తోస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు తోసేవాళ్లు లేరు. తన బరువుతో తానే దిగి చాంబర్‌లో పడాలి. అందుకే ఆ దిగే గొట్టం లావుగా ఉంటుంది.

ఇప్పుడు క్రాంక్ గదిలో ఒత్తిడి పెరిగిందనుకోండి. ఆ ఒత్తిడి దిగే ఆయిల్‌కు ఎదురొస్తుంది. ఆయిల్ దిగదు. టర్బో లోపలే నిండుతుంది. నిండినది రింగు దాటి ఒక పక్క గాలి గొట్టంలోకి, ఇంకో పక్క సైలెన్సర్‌లోకి పోతుంది. నీలిపొగ. విప్పి చూస్తే టర్బో నిండా ఆయిల్. చూసినవాళ్లు ఎవరైనా టర్బో పోయిందనే అంటారు. కొత్త టర్బో వేసినా ఆ ఆయిల్ దిగే దారి లేదు. కొత్తదీ కక్కుతుంది. చాంబర్‌లో ఆయిల్ గుర్తుకు మించి పోసినా ఇదే జరుగుతుంది. దిగే గొట్టం నోటి దాకా ఆయిల్ వచ్చేస్తుంది. "ఎక్కువ ఉంటే మంచిదే లే అన్నా" అని అర లీటరు అదనంగా పోయడం ఏ ఇంజిన్‌కూ మంచిది కాదు. టర్బో ఇంజిన్‌కు అసలు మంచిది కాదు.

బ్రీదర్ ఎందుకు మూసుకుపోతుంది? ఎక్కువగా మన వాడకం వల్లే. పొద్దున బండి తీసి చేలూరు దాకా పోయి వచ్చేస్తాం. మళ్లీ సాయంత్రం చిన్న తిరుగుడు. ఇంజిన్ పూర్తిగా కాగదు. లోపలి నీటి ఆవిరి ఆరదు. ఆయిల్‌తో కలిసి మీగడ లాంటి తెల్ల జిడ్డు అవుతుంది. ఆయిల్ మూత తీస్తే అడుగున కనిపిస్తుంది. అదే జిడ్డు బ్రీదర్‌లో, ఆయిల్‌ను వడకట్టే సెపరేటర్‌లో, వాల్వులో పేరుకుంటుంది. ఆ తెల్ల జిడ్డు కనిపిస్తే రేడియేటర్ నీళ్ల మట్టం కూడా చూడండి. నీళ్లు తగ్గుతుంటే అది వేరే జబ్బు, వెంటనే చూపించాలి. నీళ్లు సరిగా ఉంటే, అప్పుడప్పుడు బండిని హైవే మీద అరగంట ఆపకుండా నడపండి. ఆయిల్ సమయానికి మార్చండి.

రెండో కారణం పైపు నాణ్యత. ఊడిన పైపు స్థానంలో చేతికి దొరికిన పైపు తొడిగేస్తారు. నీళ్ల పైపు, స్ప్రేయర్ పైపు, ఏదైనా. ఆయిల్ ఆవిరి తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. లోపల లాగుడు ఉంది కాబట్టి మెత్తబడిన పైపు చప్పిడి అయిపోతుంది. బయటి నుంచి చూస్తే పైపు ఉంది. లోపల దారి లేదు. రంగురంగుల సిలికాన్ పైపులు చూడటానికి బాగుంటాయి, వేడికి తట్టుకుంటాయి. మామూలు సిలికాన్ మాత్రం ఆయిల్‌కు తట్టుకోదు. బ్రీదర్‌కు ఆయిల్ తట్టుకునే రబ్బరే కావాలి. కంపెనీ పైపు దొరికితే అదే వెయ్యండి. దాని వంపు కూడా ఆ ఇంజిన్ కోసమే చేసింది.

పైపు పోయే దారి కూడా ముఖ్యం. మధ్యలో ఉయ్యాల లాగా కిందికి వేలాడకూడదు. వేలాడే చోట నీరూ ఆయిలూ నిలుస్తాయి. ఇంజిన్ వైపు వాలుగా ఉంటే చేరిన ఆయిల్ వెనక్కి దిగిపోతుంది. టర్బో వేడి వైపు, సైలెన్సర్ మొదలు ఉండే చోట తగలకూడదు. బెల్టుకు రాసుకోకూడదు. ఇంజిన్ ఊగుతుంది కాబట్టి పైపు బిగుతుగా లాగి కట్టకూడదు. కొంచెం వదులు ఉండాలి. రెండు చివర్లా క్లిప్పు ఉండాలి. ఇనుప తీగ చుట్టడం క్లిప్పు కాదు. తీగ రబ్బరును కోస్తుంది.

ఇప్పుడు పరీక్ష. బండి చదునైన చోట నిలపండి. హ్యాండ్ బ్రేక్ వెయ్యండి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. తువ్వాలు, చీర కొంగు, పొడుగు చేతులు బెల్టు దగ్గరికి పోకుండా చూసుకోండి. ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచి ఆయిల్ పోసే మూత మెల్లగా తిప్పి తియ్యండి. మొహం దూరంగా పెట్టండి, వేడి ఆయిల్ చిమ్మవచ్చు. మూతను తిరగేసి ఆ రంధ్రం మీద ఊరికే ఉంచండి. పెట్రోలు ఇంజిన్ బాగుంటే మూత కదలకుండా కూర్చుంటుంది, కొంచెం లాగినట్టు కూడా ఉంటుంది. డీజిల్ అయితే కొంచెం ఆడటం మామూలే. మూత ఎగిరెగిరి పడుతుంటే, పొగ బుస్సుమని వస్తుంటే, లోపల ఒత్తిడి ఉందని అర్థం.

ఒత్తిడి ఉంది సరే. పైపు మూసుకుందా, రింగులు అరిగాయా? ఇది తేల్చకుండా ఇంజిన్ విప్పకూడదు. ఇంజిన్ ఆపండి. బ్రీదర్ పైపును టర్బో ముందున్న గొట్టం దగ్గర ఊడదీయండి. ఆ గొట్టంలో పైపు ఉన్న రంధ్రానికి దుమ్ము పోకుండా శుభ్రమైన బిరడా గట్టిగా పెట్టండి. ఆయిల్ మూత పెట్టేసి మళ్లీ స్టార్ట్ చెయ్యండి. ఊడదీసిన పైపు నుంచి ధారాళంగా పొగ వస్తుంటే దారి తెరిచే ఉంది, గ్యాసే ఎక్కువ. రింగుల మీద అనుమానం పెట్టండి, కంప్రెషన్ పరీక్ష చేయించండి. పైపు నుంచి ఏమీ రాకపోతే, మూత తీయగానే బుస్సుమంటుంటే, దారి మూసుకుంది. సెపరేటర్ కడిగితేనో, మారిస్తేనో, పైపు మారిస్తేనో సరిపోతుంది. కడగడానికి వీల్లేని రకమైతే మార్చడమే. రెంటికీ ఖర్చులో ఎంత తేడా ఉందో మీకు తెలుసు.

విడిగా దొరికే వాల్వు అయితే తీసి ఊపండి. టకటక శబ్దం వస్తే లోపలి ముక్క కదులుతోంది. శుభ్రమైన చిన్న పైపు ముక్క తగిలించి ఊదండి. ఒక వైపు పోవాలి. ఇంకో వైపు ఆగాలి. రెండు వైపులా పోతే పడేయండి. చాలా కొత్త కార్లలో ఈ వాల్వు ట్యాపెట్ కవర్ లోపలే ఉంటుంది, సన్న రబ్బరు పొరతో. ఆ పొర చిరిగితే మూత తీయడానికే రానంత గట్టిగా లాగుతుంది. ఒక్కోసారి ఈల వేసినట్టు శబ్దం వస్తుంది. అప్పుడు చాలా బళ్లలో కవర్ మొత్తం మార్చాలి.

ఒక అలవాటు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. టర్బోలో ఆయిల్ చూసి భయపడి బ్రీదర్ పైపును ఊడదీసి కిందికి వేలాడదీస్తారు. "ఇంక టర్బోలోకి ఆయిల్ పోదు" అంటారు. అది నిజమే. టర్బో ముందున్న గొట్టంలో ఒక రంధ్రం తెరుచుకొని ఉండిపోతుంది, అదీ నిజమే. మన మట్టి రోడ్ల మీద, శనగకాయ పీకే రోజుల్లో, ముందుపోయే లారీ లేపే దుమ్ము ఆ రంధ్రం నుంచి ఫిల్టర్ తాకకుండా నేరుగా టర్బోలోకి పోతుంది. టర్బో రెక్కల అంచులు అరుగుతాయి. సిలిండర్లో రింగులు అరుగుతాయి. రింగులు అరిగితే బ్యాక్ కంప్రెషన్ పెరుగుతుంది. పెరిగితే ఇంకా ఆయిల్ వస్తుంది. జబ్బు తగ్గించబోయి జబ్బును పెంచుతున్నాం. పైగా ఆ పొగ బండిలో కూర్చున్న పిల్లల ముక్కుల్లోకి పోతుంది. రాత్రిపూట దారిలో నిలిచిపోయి ఇల్లు చేరాలంటే, రంధ్రం మూసి అట్లా చెయ్యండి. మర్నాడు సరిచేయించండి.

మరి కొందరు కుర్రాళ్లు ఆయిల్ పట్టే డబ్బా పెడుతున్నారు. క్యాచ్ క్యాన్ అంటారు. నేరుగా సిలిండర్‌లోకే పెట్రోలు చిమ్మే టర్బో ఇంజిన్లలో దానికి ఒక అర్థం ఉంది. ఆ ఇంజిన్లలో వాల్వుల మీద పెట్రోలు పడదు కాబట్టి ఆయిల్ మసి కడుక్కుపోదు, పేరుకుంటుంది. కానీ లోపల అడ్డుపలకలు లేని ఖాళీ డబ్బా ఆయిల్‌ను పట్టదు. పైపు సన్నదైతే ఊపిరే ఆపుతుంది. నిండాక వంచకపోతే మొత్తం ఒకేసారి ఇంజిన్‌లోకి పోతుంది. వారంటీ ఉన్న బండికి పెట్టే ముందు షోరూమ్‌లో అడగండి. మామూలుగా నడిపే బండికి నా సలహా, వద్దు. ఉన్న వాల్వునే బాగా చూసుకోండి.

డీజిల్ బండి నడిపేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆయిల్ మితిమీరి పోసినా, రింగులు బాగా అరిగినా, బ్రీదర్ నుంచి ఆయిల్ ధారగా ఇంజిన్‌లోకి పోవచ్చు. డీజిల్ ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా కాల్చుకుంటుంది. తాళం తీసినా ఆగదు. ఇంజిన్ దానంతట అదే రేసు అవుతుంది. అప్పుడు గాలి గొట్టం దగ్గర చెయ్యి పెట్టకండి, వేళ్లు పోతాయి. మీరు సీట్లోనే ఉంటే, ముందు ఎవరూ లేరని చూసుకొని బ్రేకు గట్టిగా తొక్కి, పెద్ద గేరు వేసి, క్లచ్ వదలండి. ఇంజిన్ ఆగిపోతుంది. బయట ఉంటే దూరంగా వెళ్లిపోండి. ఇంజిన్ పోతే పోనీ.

ఇంతా చూశాక నిజంగానే టర్బో పోయిందని తేలవచ్చు. ఇరుసు అటూ ఇటూ బాగా ఊగుతుంటే, రెక్కలు గొట్టం గోడకు రాసుకున్న గుర్తు ఉంటే, అది పోయినట్టే. అప్పుడు మార్చక తప్పదు. మార్చే రోజు మెకానిక్ దగ్గర నిలబడి ఈ పనులు చేయించండి. అన్నా అనో, అప్పా అనో మర్యాదగా అడగండి. మంచి మెకానిక్ ఎవరూ తప్పుపట్టరు. బ్రీదర్ పైపు కొత్తది వేయించండి. వాల్వు ఊది చూపించమనండి. టర్బో నుంచి ఆయిల్ దిగే గొట్టం విప్పి లోపల మసి గడ్డకట్టిందేమో చూడమనండి. ఇంటర్‌కూలర్‌లో నిలిచిన పాత ఆయిల్ వంచేయించండి, లేకపోతే కొత్త టర్బో వేసిన రోజు కూడా పొగ వస్తుంది, మళ్లీ గొడవ మొదలవుతుంది. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయించి, డిప్‌స్టిక్ మీద పై గీత దాటకుండా పోయించండి. స్టార్ట్ చేశాక రెండు నిమిషాలు యాక్సిలరేటర్ తొక్కకుండా ఉంచి, ఆయిల్ మూత తిరగేసి రంధ్రం మీద పెట్టి చూసి, అప్పుడు బిల్లు కట్టండి.